కాంబోజ శిలాశాసనమున గ్రామకథ

శాసనములను చరిత్రకారులు చదువుదురు. సాహిత్యవిమర్శకులు చదువుట యరుదు. చదివినప్పుడైనను చరిత్రకారుడు రాజనామమును, శకవర్షమును గ్రహించి తక్కినది విడుచును. విమర్శకుడు శ్లోకమున్నంత దూరము పోయి, వృత్తమును, అలంకారమును గుర్తించి, కవి పాండిత్యమును మెచ్చి మఱలును. శ్లోకములు ముగిసిన పిదప దేశభాషలో వచ్చెడి గద్యము, అనగా పొలిమేరలు, చెఱువులు, కొలతలు, సేవకుల పట్టికలు గల భాగము, ఈ యిరువురికిని పనికిరానిదై లేఖకుని లెక్కగా మిగిలిపోవుచున్నది. ఈ యుపేక్ష సమంజసము కాదనియు, కొన్ని శాసనములలో ఆ గద్యమే యర్థగౌరవమున శ్లోకభాగమును మించుననియు నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము. అందులకు స్డోక్ కోక్ థోమ్ అనుచోట దొరకిన ఖ్మేరు శాసనమును గైకొనుచున్నాను.

మనదేశపు శాసనములుండగా దూరదేశపు శాసనమేల యని పాఠకులడుగవచ్చును. ఈ శాసనమున నొకే వంశకథ ఒకే శిలపై సంస్కృతమునను, ఖ్మేరుభాషయందును రెండుమాఱులు చెప్పబడినది. కావున రెండు రచనలను ప్రక్కప్రక్కన నిలిపి తూచుటకు వీలుకలిగినది. ఇట్టి యవకాశము తఱచుగా లభింపదు. మఱియు నా శిల నిలిచిన భూమి నేటికిని రెండు రాజ్యముల వివాదసీమ. ఆ శిథిలములచెంత సేద్యము చేసికొని బ్రతుకు పల్లెజనము నేటికిని కలరు. శాసనగద్యము దేనిని గూర్చి చెప్పుచున్నదో దానిని కన్నులార చూడగల చోటది.

ఈ యాలయము థాయిలాండు దేశపు తూర్పు సరిహద్దున, సా కేవో మండలమున, కాంబోడియా సీమకు సమీపమున నున్నది. రెల్లు పెరిగిన పెద్ద కొలను అని యీ పేరునకు అర్థము చెప్పుదురు. శాసనకాలమున దీని నామము భద్రనికేతనము. రెండవ ఉదయాదిత్యవర్మ రాజ్యకాలమున, శక 974లో, ఈ లేఖము వెలసినది. మొత్తము పంక్తులు 340. అందు 194 పంక్తులలో 130 సంస్కృతశ్లోకములును, తక్కిన 146 పంక్తులలో ఖ్మేరుగద్యమును గలవు. 1915లో ఫీనో పండితుడు దీనిని ప్రకటించెను. పిదప సేడెస్, ద్యూపో పండితులు పరిష్కరించిరి. మన దేశమున అధీర చక్రవర్తి దీనిపై విపులమైన గ్రంథము రచించెను. లిపి పల్లవలిపినుండి పుట్టినది. మన తెలుగులిపికి దాయాది.

ఆ కాలము ఆంధ్రులకు సుపరిచితమే. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి గ్రామమిచ్చిన తామ్రశాసనము క్రీ. 1053 నాటిది, దానికి కవి నన్నయభట్టు. ఇట గోదావరీతీరమున వాగనుశాసనుడు దానశాసనమును కూర్చుచున్న దినములలోనే, అట సముద్రముల కావల నొక యజ్ఞాతకవి శివస్తుతితో శ్లోకమాల నల్లుచుండెను. ఇరువురి సంప్రదాయమొకటే: దేవతాస్తుతి, రాజప్రశస్తి, వంశవర్ణనము, దానవిశేషము. పూర్వచాళుక్యుల తామ్రపత్రములు చూచినవారికి సీమలు చెప్పవలసివచ్చినప్పుడు సంస్కృతమునడుమ తెలుగుమాటలు తలయెత్తుట తెలిసినదే. గట్టు, చెఱువు, గుంట అనువానికి పర్యాయపదములు సంస్కృతమున లేక కాదు. తగవు వచ్చిననాడు ఊరివారు చూపవలసినది ఆ గట్టునే కావున దాని నా పేరుతోనే చెప్పవలసివచ్చినది. సంస్కృతము కీర్తిని నిలుపగా దేశభాష పొలిమేరను నిలిపినది.

ఇక కథావస్తువు. తొమ్మిదవ శతాబ్దిని రెండవ జయవర్మ మహేంద్రపర్వతమున సార్వభౌముడయ్యెను. హిరణ్యదాముడను బ్రాహ్మణుడు తంత్రవిధి నెఱపెను. ఆ విధిని శివకైవల్యుడను పురోహితున కుపదేశించెను. నాటినుండి ఆ పురోహితుని మాతృవంశమువారే దేవరాజపూజకు అధికారులైరి. ఈ వంశమువారి కథ సుమారు రెండువందలయేబది సంవత్సరములు నడచి, సదాశివుడను జయేంద్రపండితునితో ముగియును.

శ్లోకభాగమున నీ వంశజులు తపస్సుచేతను, శాస్త్రజ్ఞానముచేతను, రాజగౌరవముచేతను వెలుగుదురు. వారు కట్టించిన గ్రామములు, త్రవ్వించిన తటాకములు నందు చెప్పబడకపోలేదు. కాని యవి గుణవర్ణనమునకు ఆభరణములుగా వచ్చును. గద్యభాగమున క్రమము వేఱు. రాజు రాజధాని మార్చును. పురోహితుడును వెంట పోవును. పోయినచోట రాజునొద్ద భూమి నడుగును. ఊరు కట్టును. పాతయూరినుండి బంధువులను పిలిపించి నిలుపును. మఱల రాజధాని మాఱును, మఱల నిదియే. కుటి గ్రామము, భవాలయము, భద్రగిరి, భద్రపట్టనము, స్తుక్ రన్సి: ఇట్లు తరము తరమునకు నొక యూరు. ఈ పునరుక్తి యలంకారదృష్టికి దోషముగా దోచవచ్చును. కాని చదువగా చదువగా నా పునరుక్తియే కథకు ప్రాణమని తెలియును. రాజులు మాఱుదురు, భూమి నడుగుట, చెఱువు త్రవ్వుట, బంధువులను తెచ్చి నిలుపుట మాఱదు. కాంబోజరాజ్యచరిత్ర యనుకొన్నది పల్లెలు పుట్టిన చరిత్రగా గద్యమున కనబడును.

ఈ భేదము కేవలము వస్తువునందే కాదు, శబ్దమునందును గలదు. పండితలోకమున నెంతయో చర్చకు పాత్రమైన దేవరాజశబ్దమును చూడుడు. దేవానాం రాజా అని షష్ఠీతత్పురుషమా? దేవశ్చాసౌ రాజా చ అని కర్మధారయమా? మొదటిదైన దేవతలకు రాజగు శివుడని యర్థము. రెండవదైన దేవుడే యైన రాజని యర్థము కల్పింప వీలగును. తత్పురుషమునకు విహితమైన సమాసాంత టచ్ ప్రత్యయము కర్మధారయమునకును వర్తించును. కావున రెండింటను రూపము అకారాంతమే. రూపమును బట్టి నిర్ణయము పొసగదు. ఈ సందిగ్ధతనుండియే కాంబోజరాజులు తమ్ము దేవులుగా పూజింపజేసికొనిరను సిద్ధాంతము పెరిగి గ్రంథముల కెక్కినది.

అదే శిలపై గద్యభాగమున దీనికి బదులు "కమ్రతేఙ్ జగత్ త రాజ" అను పదసముదాయము కలదు. కమ్రతేఙ్ జగత్ అనగా జగత్ప్రభువు. ఖ్మేరుశాసనములలో నిది దేవతలకు వాడు బిరుదము. "త" యనునది సంబంధమును తెలుపు నవ్యయము. రాజైన జగత్ప్రభువు అని తాత్పర్యము. ఇచట ముఖ్యపదము దేవవాచకము. రాజశబ్దము దానికి విశేషణము. జీవించియున్న నరపతికి నిందు తావు లేదు. కుల్కే పండితుడు 1978లో ఈ పదమును పురస్కరించుకొనియే ప్రాచీనసిద్ధాంతమును ప్రశ్నించెను. సమాసమునకు విగ్రహవాక్యము కావలసివచ్చినప్పుడు మనము వ్యాఖ్యానములను వెదకుదుము. ఇచట విగ్రహవాక్యము గ్రామభాషలో ఎదుటనే చెక్కబడియున్నది. దానిని లేఖకుని లెక్కగా భావించి ప్రక్కకు నెట్టినందున నొక సిద్ధాంతమునకు సిద్ధాంతమే దారితప్పినది. దేశభాషాభాగమును విడుచుటవలన గలుగు నష్టమున కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

గద్యభాగమున హృదయమును కదలించు ఘట్టము సదాశివునిది. మొదటి సూర్యవర్మ రాజ్యమునకై సైన్యములు నడపిన కాలమున భద్రపట్టనము, స్తుక్ రన్సి యను నూళ్లలో దేవతామూర్తులు పెకలింపబడినవి. సదాశివుడు సన్న్యాసాశ్రమమునుండి రాజాజ్ఞచే గృహస్థాశ్రమమునకు మఱలి, రాజ్ఞి చెల్లెలిని వివాహమాడి, రాజపురోహితుడై యధికారము పొందెను. పిమ్మట నా యూళ్లను మఱల నెత్తెను. మూర్తులను పునఃప్రతిష్ఠించెను; జలాశయములు త్రవ్వించెను; కట్టలు పోయించెను. యుద్ధమున నెవరు జయించిరో శ్లోకము చెప్పును. ఆ యుద్ధమున నే యూరు పాడయ్యెనో, పిదప నెవరు బాగుచేసిరో గద్యము చెప్పును. కరుణరసమునకు ప్రత్యేకవర్ణన లేదు. ఊళ్ల పేరులు, చేసిన పనులు మాత్రమే కలవు. కవి తన కన్నీరు చూపకుండుటచేత పాఠకుని కన్నీటికి చోటు దొరకినది.

ఆ భూమి పిదపను ప్రశాంతముగా నుండలేదు. 1904, 1907 సంవత్సరములలో ఫ్రాన్సు, సియాము దేశములు చేసికొన్న యొడంబడికలచే నీ ప్రాంతమున సరిహద్దు గీయబడినది. డాంగ్రెక్ కొండలపై గల ప్రేహ విహార దేవళము కాంబోడియాకు చెందునని అంతర్జాతీయ న్యాయస్థానము 1962లో తీర్పు చెప్పెను. 2013లో ఆ తీర్పును మఱల వివరించెను. నడుమ 2008 మొదలు 2011 వఱకు అచట తుపాకులు మ్రోగినవి. స్డోక్ కోక్ థోమ్ కథ వేఱు. 1979 తరువాత కాంబోడియానుండి పాఱివచ్చిన జనులకు ఈ యాలయము చెంతనే నోంగ్ సమేత్ శిబిరము వెలసినది. 1984 డిసెంబరులో దానిపై దాడి జరిగినది. ఆలయపరిసరములలో పాతిన మందుపాతరలను తొలగించిన తరువాతనే యచట జీర్ణోద్ధారము సాగినది. 2025 జూలైలో తా మోఆన్ థోమ్ ఆలయముకడ మొదలైన పోరు సీమపొడుగునను వ్యాపించినది. డిసెంబరులో మఱల రేగినది. లక్షలకొలది పల్లెజనులు రెండువైపులను ఇండ్లు విడిచి తరలిపోయిరి. ఎగనాటినపుడు, కోతలవేళ పొలమున నుండవలసినవారు గుడారముల నుండిరి.

ఈ వివాదమున నిరుపక్షములవారును పలుకునది శ్లోకభాగపు భాషయే: మా రాజు, మా దేవళము, మా పూర్వకీర్తి. పల్లెజనుల నోట శిథిలములకు గల పేరులు వినుడు. తా మోఆన్ అనగా ఖ్మేరున "కోడి తాత". థోమ్ అనగా పెద్ద. తా క్రబెయ్ అనగా "దున్న తాత". గర్భగృహమున సహజశిలయే లింగముగా వెలసిన యీశ్వరుని దేవళమునకు గ్రామీణుడు పెట్టుకొన్న పేరిది. కొండలపేరైన డాంగ్రెక్ అనుదానికి అర్థము కావడిబద్ద. థాయి, ఖ్మేరు పల్లెలపేరులలో "నోంగ్" అనియు, "త్రపేంగ్" అనియు మాటిమాటికి వచ్చును. రెండింటికిని అర్థము చెఱువే. ఆ భూమిపై ప్రజలు నిలిపిన నామములు కోడి, దున్న, కావడి, చెఱువు. ఇవి గద్యభాగమునకు వారసులు.

ఆచారములును నట్లే. ఖ్మేరుపల్లెలలో "నెయాక్ తా" యను గ్రామరక్షకదేవత కలదు. మర్రిక్రిందనో, పొలముగట్టుననో చిన్నపాకలో నొక ఱాయి. తఱచుగా నది శిథిలాలయమునుండి వచ్చిన లింగఖండమో, విగ్రహభాగమో యగును. మనయూళ్లలో బొడ్రాయి, పోతురాజు చూచినవారికి దీని నెఱిగింపనక్కఱలేదు. శైవపురోహితుడు మంత్రముతో ప్రతిష్ఠించినది పల్లెవానికి తాతయైనది. భాద్రపద బహుళమున పదునైదుదినములు కాంబోడియా జనులు పితరులకు అన్నమిడుదురు. ఆ పండుగపేరు ప్చుం బెణ్. బెణ్ అనునది పిండశబ్దమునకు వికారమే. వ్రాతలో నేటికిని దాని రూపు కనబడును. అవే దినములలో సరిహద్దునకావల, థాయి దేశపు సురిన్ మండలమున ఖ్మేరుభాష మాటలాడువారు "సేన్ డోన్ తా" యని యవ్వతాతలకు నైవేద్యమిడుదురు. మన మహాలయపక్షమిదియే, తెలంగాణమున పెత్తరమాస యనుచు పెద్దలకు బియ్యమిచ్చు దినములివియే. సీమ గీచినవారు పితృదేవతలను రెండుగా పంచలేకపోయిరి.

ఇచట నొక పూర్వపక్షము రావచ్చును. పట్టికయు, పొలిమేరయు నెట్లు సాహిత్యమగును? రసము లేనిచో కావ్యత్వమెక్కడిది? నిజమే, ప్రతిపట్టికయు కావ్యము కాదు. కాని రసమునకు విభావాదులు కావలయును గాని విశేషణములు కావలయునని యే యాలంకారికుడును శాసింపలేదు. పాడైన యూరు, పెకలిన మూర్తి, తిరిగి పోసిన కట్ట, ఇవి విభావములే. వానిని వరుసనుంచి యూరకుండుట ధ్వనిమార్గమునకు విరుద్ధము కాదు.

మఱియొక పూర్వపక్షము బలమైనది. సంస్కృతము పల్లెను చూడదనుట యన్యాయము. ఏడవ జయవర్మ ఆరోగ్యశాలాశాసనములు సంస్కృతశ్లోకములే కదా? 1186 నాటి తా ప్రోమ్ శాసనము రాజ్యమున 102 ఆరోగ్యశాలలు గలవని చెప్పుచున్నది. అట్టి శాలలలో నొకదాని దేవళము తా మోఆన్ చెంతనే యున్నది. ఆ శాసనములలో తేనె, నువ్వులు, కర్పూరము, జీలకఱ్ఱ, జాజికాయ, ఏలకులు మొదలగు నౌషధద్రవ్యముల పట్టికయే శ్లోకములలో కూర్చబడినది. ఈ యాక్షేపము నంగీకరించుచున్నాను. అది నా వాదమునకు బాధకము కాదు, సాధకమే. దోషము సంస్కృతమున లేదు. మహాభాష్యమునకు వ్యాఖ్య రచించెనని యశోవర్మను శ్లాఘించిన దేశమది. అచట సంస్కృతము వేషముగా గాక విద్యగానే నిలిచినది. దోషము కవి నిలిచిన చోట నున్నది. కవి సింహాసనముకడ నిలిచి చూచిన పల్లె దూరమగును. రోగి మంచముకడ నిలిచి తేనె యెంత, జీలకఱ్ఱ యెంతయని లెక్కించినప్పుడు అనుష్టుప్పునకును ప్రాణము వచ్చును. సంస్కృతము లెక్కకు దిగినచోట జీవించినది. లెక్కను హీనముగా చూచినచోట ప్రశస్తిగా మిగిలినది.

చివర నొక శబ్దమును విచారించి విరమింతును. ఖ్మేరుశాసనముల గద్యభాగములలో పలుమాఱులు వచ్చెడి మాట "ఖ్ఞుం". దేవళమునకు సమర్పింపబడిన దాసుడని దాని యర్థము. శుక్లపక్షమున పనిచేయువారు వీరు, కృష్ణపక్షమున పనిచేయువారు వీరు అని వారి పేరులు వరుసగా చెక్కబడియుండును. శ్లోకములలో వారికి చోటు లేదు. ఆ మాట నేడు కాంబోడియాలో నెట్లున్నదని చూడగా, అది ఉత్తమపురుష సర్వనామమై యున్నది. నేను అని చెప్పవలసినప్పుడు మంత్రియు, రైతును, పిల్లవాడును "ఖ్ఞుం" అనియే పలుకుదురు. వినయముచే దాసోఽహమని చెప్పుకొన్నది కాలక్రమమున రూఢియైనది. సరిహద్దున కావలను ఇట్లే. థాయి భాషలో "ఖా" యనగా సేవకుడు. అదే మాట నేనను నర్థమునను గలదు, "ఖాఫజావ్" అను గౌరవరూపమునను నిలిచినది. మనలో లేఖాంతమున దాసుడు, విధేయుడు అని వ్రాసికొనుట యీ కోవలోనిదే కాని మనకది సర్వనామము కాలేదు.

రాజబిరుదములు శిలలపై నిలిచినవి. పట్టికలోని దాసనామము జనుల నోట "నేను" అయినది. వివాదసీమకు ఇరువైపులను ఒక రైతు ఈ చెఱువు నాది యని చెప్పునప్పుడు తెలియకయే శాసనగద్యపు మాట పలుకుచున్నాడు. ఆ దేవళము నెవరిదని తేల్చుటకు శ్లోకములను సాక్ష్యముగా పిలుచువారు, ఆ శిలపైననే ఊరెవరు కట్టిరి, కట్ట యెవరు పోసిరి, పాడైనప్పుడెవరు నిలిపిరి అను సాక్ష్యమున్నదని గుర్తింపవలయును. రాజ్యముల తగవును తీర్చుట విమర్శకుని పని కాదు. సాక్ష్యమును పూర్తిగా చదివి వినిపించుట మాత్రము అతని పనియే.

ఇది మనకును వర్తించును. మన శాసనములను ప్రకటించునపుడు శ్లోకములకు తాత్పర్యము విపులముగా వ్రాసి, ఇటుపై సీమావివరణము గలదు అను నొక్క వాక్యముతో తెలుగుభాగమును దాటిపోవు వాడుక యున్నది. ఆ భాగమున గల గట్టుపేరులు, గుంటలపేరులు, కొలమానములు, వృత్తినామములు నిఘంటువుల కెక్కనివి యెన్నియో కలవు. ఆ గుంటలు పూడిపోవుచున్నవి. ఆ పేరులు తెలిసిన వృద్ధులు తరుగుచున్నారు. ఒక్కొక్క శాసనమును తీసికొని దానిలోని సీమావాక్యమును ఆ యూరికి పోయి, పొలముగట్టుపై నిలిచి, ఊరివారితో చదివి, ఏ మాట నేటికి నిలిచినదో, ఏది మాఱినదో గుర్తించి టీకతో ప్రకటించుట మన పరిశోధకులు చేపట్టదగిన పని. అట్టి టీకలు పది వెలువడిన పిదప, శాసనగద్యమునకు సాహిత్యమున తావు గలదా లేదా యను ప్రశ్నను మఱల విచారింపవచ్చును.